ఆ రోజు ఏం వండారమ్మా?

బందరు నుంచి కార్డు వచ్చింది. ఆడవాళ్ల ఆస్పత్రిలో ఆయాగా ఉన్నామె ఎవరిచేతో రాయించినట్టుంది. "మన నర్సమ్మగారు మొన్న ఆదివారం ప్రభువునందు నిద్రించారు" అని ఒకే ఒక్క వాక్యం. ఆవిడ నిద్రపోతుంటే చూసినవాళ్లు లేరు కాబట్టి ఆ మాట నమ్మడానికి నాకు కొంచెంసేపు పట్టింది. తరవాత నూతి దగ్గరికి వెళ్లి రెండు చేదల నీళ్లు తలమీద పోసుకున్నాను. "ఎవరు పోయారండీ? దగ్గరివాళ్లా?" అని అడిగింది పనిమనిషి. ఏమని చెప్పను? ఆవిడది మా కులం కాదు, మా మతం కాదు, మా ఊరూ కాదు. దగ్గరివాళ్లేనన్నాను.

ఆవిడకి ఒక పేరుండే ఉంటుంది. ఆస్పత్రి రిజిస్టరులో రాసే ఉంటారు. ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. బందరు మొత్తానికి ఆవిడ నర్సమ్మగారే. పొడుగ్గా, సన్నగా ఉండేది. నీలం అంచు తెల్లచీర, మోచేతుల దాకా రవిక, ముడిలో గుచ్చిన పెన్సిలు. ఆ పెన్సిలు కోసం రోజుకి నాలుగుసార్లయినా ఆస్పత్రి అంతా గాలించేది. "నా పెన్సిలు ఎవరు తీశారు? ఇప్పుడే ఇక్కడ పెట్టాను" అని కేకలు. ఎక్కడుందో మంచాల మీది రోగులందరికీ తెలుసు. ఒక్కళ్లూ చెప్పేవారు కాదు. అంత మనిషి అలా వెతుక్కుంటుంటే చూడ్డం వాళ్లకి సరదా. ఆవిడకీ తెలుసేమోనని, వాళ్లని నవ్వించడానికే వెతికేదేమోనని నాకు చాలాకాలానికి అనుమానం వచ్చింది.

మా ఇళ్లల్లో ఒంట్లోని కొన్ని భాగాలకి పేర్లు లేవు. మెడ కింది నుంచి మోకాళ్ల దాకా ఎక్కడ నొప్పి వచ్చినా కడుపులో నొప్పే. ఆవిడ మాత్రం వరండాలో నిలబడి నలుగురూ వినేట్టు "ఉచ్చబుడ్డలోనా అమ్మా నొప్పి, ఇంకా కిందా?" అని అడిగేది. కచేరీ గుమాస్తాల భార్యలు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. అలా చేస్తే ఆవిడకి కోపం. "దేవుడు ఇచ్చినదానికి పేరు పెట్టడానికి సిగ్గేంటమ్మా? చేతిని చెయ్యి అంటాం కదా?" అనేది.

నొప్పితో వచ్చినవాళ్లని మొదట డాక్టరమ్మ చూడాలి. అది ఆవిడ పెట్టుకున్న నియమం. దాని వెనక ఒక కథ ఉంది. మందుల బీరువాలో ఒక చిన్న రేకుడబ్బా ఉండేది. దాన్లో దూదిలో చుట్టి చింతగింజంత రాయి. ఎప్పుడో ఒకామె వస్తే, ఈ నొప్పి దిగులు వల్ల వచ్చిందనుకుని ఆవిడ నాలుగు వారాలు కూర్చోబెట్టి కబుర్లు చెప్పిందట. చివరికి డాక్టరమ్మ ఆపరేషన్ చేసి ఆ రాయి తీసింది. "నా పొగరంతా ఈ డబ్బాలో ఉంది" అంటూ అందరికీ మూత తీసి చూపించేది. రాయి లేదు, చీము లేదు, గడ్డ లేదు, అయినా ఈమెకి నొప్పి తగ్గట్లేదు అని డాక్టరమ్మ చేతులెత్తేసిన తరవాతే ఎవరినైనా తన చాప మీదికి పిలిచేది.

చాప వరండా తూర్పు చివర ఉండేది. చాప మీద చేట, చేటలో కూరగాయలు. చలికాలమైతే చిక్కుడుకాయలు, తక్కిన రోజుల్లో గోరుచిక్కుళ్లు. ఆస్పత్రి వంటశాలకి కావలసిన కూర రోజూ ఆ చాప మీదే తయారయ్యేది. వచ్చినామెని ఎదురుగా కూర్చోబెట్టి సగం కాయలు అటు తోసేది. ఇద్దరూ ఈనెలు తీసి తుంచడం మొదలుపెట్టేవారు. కొంతసేపటికి ఆవిడ, చేటలోంచి తల ఎత్తకుండా, అడిగేది.

"ఈ నొప్పి మొదలైన రోజున మీ ఇంట్లో ఏం వండారమ్మా?"

అంతే. ఏం జరిగిందని అడగదు. ఎవరు కొట్టారు, ఎవరు పోయారు, ఎవరంటే భయం, ఇవేవీ ఆవిడ నోట రావు. ఏం జరిగిందంటే మా ప్రాంతపు ఆడది ఏం చెబుతుంది? "ఏం జరగలేదండీ, బాగానే ఉన్నాం" అంటుంది. ఏం వండావంటే మాత్రం చెప్పకుండా ఉండలేదు. పదేళ్ల కిందటి కూరయినా చెబుతుంది, అందులో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో కూడా చెబుతుంది. కూర చెప్పడం మొదలుపెడితే ఆ పూట వంటింట్లోకి ఎవరు వచ్చారో, ఏ మాట అన్నారో, కంచం ఎటు పడిందో దాని వెనకే వచ్చేస్తాయి. ఈ సంగతి ఆవిడకి ఎవరు నేర్పారో నాకు తెలియదు. ఏ పుస్తకంలోనూ ఉండదని మాత్రం తెలుసు.

గుడివాడ వైపు నుంచి గూడుబండిలో ఒక భూస్వామిగారి భార్య వచ్చింది. మెడనిండా నగలు. "మా ఇంట్లో వంటమనిషి వండుతుంది. నాకేం తెలుసు?" అంది దర్జాగా. "పోనీ ఆ రోజు మీరు తినలేక వదిలేసింది ఏంటో చెప్పండి" అంది ఈవిడ. ఆ ఇల్లాలి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. తరవాత ఏడ్చింది. చిలకలపూడి నుంచి ఒకామె వచ్చేది, గిల్టు గాజులకి మెరుగు పెట్టే ఇంటి కోడలు. ఆమె "ఆ రోజు పొయ్యి ముట్టించలేదండీ" అంది. నర్సమ్మగారు ఇంకేం అడగలేదు. తన ముందున్న కాయల్లో మరికొన్ని ఆమె వైపు జరిపింది. ఆమె మూడో వారానికి మొత్తం చెప్పిందని విన్నాను. ఏం చెప్పిందో చాప దాటి రాలేదు.

ఇవన్నీ నేను వరండాలో నా వంతు కోసం కూర్చుని చూసినవి. యుద్ధం రావడానికి రెండేళ్ల ముందు సంగతి. అప్పటికి నాకు ఇరవైమూడేళ్లు. పదిహేడో ఏట భర్త పోయి, బందరులో అన్నయ్య ఇంట్లో ఉండి, ట్రైనింగు పాసై ఆడపిల్లల బళ్లో పాఠాలు చెబుతున్నాను. చెబుతున్నానంటే ఎంతసేపు? పావుగంటకోసారి పొత్తికడుపు కింద ఎవరో మెలిపెట్టినట్టు నొప్పి. దొడ్లోకి పరుగెత్తాలి. వెళితే నాలుగు చుక్కలు, మంట. వచ్చి కూర్చుంటే మళ్లీ మొదలు. రెండో తరగతి పిల్లలు ఒంటికి వెళ్లాలని వేలు చూపిస్తే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చేవి. వాళ్లు నన్ను అడగగలరు, నేను ఎవరిని అడగను?

మా వదిన చెడ్డది కాదు. ఒంటికి వేడి చేసిందని ఆమె నిర్ణయం. కృష్ణ దిగువన పుట్టిన ఎవరిని అడిగినా అదే చెబుతారు. బార్లీనీళ్లు, సబ్జాగింజలు, పల్లేరుకాయల కషాయం, నెత్తిన ఆముదం. ఆరేళ్లలో నన్ను ఎంత చల్లబరచారంటే మాఘమాసంలో వణికిపోయేదాన్ని. నా తెలివి నాది, బడికి వెళ్లేముందు గుక్కెడు నీళ్లు కూడా తాగేదాన్ని కాదు. అలాంటి స్థితిలో జిల్లా బోర్డువారి ఉత్తరువు వచ్చింది. దివిసీమ దిగువన ఒక ఊళ్లో కొత్తగా ఆడపిల్లల బడి పెడుతున్నారు, జూనులో వెళ్లి చేరాలి, చేరకపోతే ఉద్యోగం లేదు. పులిగడ్డ రేవులో పడవ ఎక్కితే గాలిని బట్టి మూడు గంటలో నాలుగు గంటలో. పావుగంట కూర్చోలేని మనిషిని, నది మీద, మగవాళ్ల మధ్య నాలుగు గంటలు! ఉద్యోగం పోతే ఇక జన్మంతా వదిన వంటింట్లో పీట మీదే. అందుకని, ఎవరేమనుకున్నా సరేనని ఆస్పత్రికి వెళ్లాను.

డాక్టరమ్మ రెండుసార్లు చూసి ఏమీ లేదంది. చాప మీదికి పిలుపు వచ్చింది. చిక్కుడుకాయలు. ఆవిడ అడిగింది. "గుర్తు లేదండీ, ఆరేళ్లయింది" అన్నాను. అబద్ధం.

"సరే, గుర్తొచ్చినప్పుడే చెబుదురుగాని" అంది. ఇంకో కాయ ఈనె తీసి, "పంతులమ్మగారూ, భయమేసిన కుక్కని చూశారా? తోక ఎక్కడ పెట్టుకుంటుంది?" అంది.

నాకు ఒళ్లు మండింది. శ్రోత్రియుల ఇంటి ఆడపడుచుని, బళ్లో పంతులమ్మని, నాతో కుక్క మాటలా? అయినా చెప్పాను. "కాళ్ల మధ్య పెట్టుకుంటుంది."

"మనకి తోక లేదు. అయినా ఆ తోకని లాక్కునే కండలు ఉన్నాయి కదండీ. భయమేస్తే మనమూ బిగిస్తాం, లోపల ఎవరికీ కనపడకుండా. కుక్క భయం పోగానే వదిలేస్తుంది. మనం వదిలేశామని అనుకుంటాం, వదలం. ఏళ్ల తరబడి పిడికిలి బిగిస్తే చెయ్యి నొప్పెట్టదా? ఇదీ అంతే. మీరు వేషాలు వేస్తున్నారని ఎవరన్నా అన్నారా?"

"అన్నారు."

"నేననను. నొప్పి నిజం, చెయ్యి విరిగితే వచ్చే నొప్పంత నిజం."

ఆ ఒక్క మాటకే నాకు సగం ప్రాణం లేచొచ్చింది. ఆరేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు.

తరవాత ఆవిడ చెప్పిన వైద్యం విని మా వదిన నిలువునా మండిపడింది. ఇటుకరాయి పొయ్యిలో వెచ్చబెట్టి, గోనెగుడ్డ చుట్టి, పొత్తికడుపు మీద పెట్టుకోవాలి. "వేడి చేసిన ఒంటికి మళ్లీ వేడా! ఆవిడకి మతి ఉందా, నీకు మతి ఉందా?" అని వదిన ఇటుకని దొడ్లోకి విసిరేసింది. నేను వెళ్లి తెచ్చుకున్నాను. మళ్లీ విసిరింది. మళ్లీ తెచ్చుకున్నాను. మూడోసారి అన్నయ్య వచ్చి "పోనీవే, ఇటుకే కదా" అన్నాడు. ఆ వెచ్చదనం తగలగానే లోపల ఏదో ముడి కొంచెం సడలినట్టయింది. ఆ సుఖం ఎలాంటిదో చెప్పలేను, కళ్లమ్మట నీళ్లు కారాయి.

వారానికి రెండుసార్లు వెళ్లేదాన్ని. చాప మీద పడుకోబెట్టి, నా చెయ్యి నా పొట్ట మీదే పెట్టించి, ఊపిరి కింది దాకా పోనిమ్మనేది. "వదలండి. ఇంకా బిగించే ఉన్నారు. కళ్లు మూసుకుంటే సరిపోదు, అక్కడ వదలండి." నీళ్లు మానొద్దంది, కొంచెం కొంచెంగా రోజంతా తాగమంది. నొప్పి వచ్చిందనగానే పరుగెత్తకుండా ఒక ఎక్కం అప్పజెప్పి వెళ్లమంది. పదమూడో ఎక్కంతో మొదలుపెట్టాను. నెలరోజులకి పందొమ్మిదో ఎక్కం దాకా వచ్చాను. నొప్పి ఏ రోజు ఎక్కువగా ఉందో, ఆ రోజు ఏం జరిగిందో గుర్తు పెట్టుకోమంది. పెట్టుకున్నాను. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చిన రోజు ఎక్కువ. వదిన సూటిపోటి మాటలన్న రోజు ఎక్కువ. అన్నిటికంటే ఎక్కువ, తూర్పుగాలి వీచి మబ్బు పట్టిన రోజు.

అలాంటి ఒక రోజునే వెళ్లాను. ఆస్పత్రి కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. రెక్క కొట్టుకున్నప్పుడల్లా అటు తిరిగి చూస్తున్నాను. ఆవిడ చూసి కూడా చూడనట్టు కాయలు ముందుకి తోసింది. ఆ రోజు అడగను కూడా లేదు. నేనే చెప్పాను.

"కందిపచ్చడి రుబ్బానండీ. గాలికి కూరలవాళ్లు రాలేదు. ఆయనకి మిరపకాయలు ఎక్కువ పడాలి, అలాగే వేశాను. అన్నం వార్చాను. ఎవరూ తినలేదు."

పొద్దున్న మొదలైన గాలి మధ్యాహ్నానికి ముదిరింది. దివిసీమలో మా అత్తవారి ఊరు. వాకిట్లోకి నీళ్లొచ్చాయి. మావగారు, బావగారు, నేను అటక ఎక్కాం. ఆయన పశువుల్ని విప్పి వస్తానని కొట్టంలోకి వెళ్లారు. నీళ్లు నడుముదాకా, తరవాత కిటికీ దాకా. అటక మీద జానెడు జాగా. మావగారి ముందు, బావగారి ముందు కోడలు కాలు చాపకూడదు, మాట బయటికి రాకూడదు. ఒంటికి వెళ్లాలనిపిస్తే బిగబట్టుకుని ముడుచుక్కూర్చున్నాను. అప్పుడు కింద చీకట్లోంచి ఆయన పిలిచారు. "ఏమే, ఉన్నారా? ఎటున్నారు?" అని ఒక్కసారే. గాలి హోరులో మావగారికి వినపడలేదు, బావగారికి వినపడలేదు. నాకు వినపడింది. పెద్దవాళ్ల ముందు గొంతెత్తి మొగుడికి బదులు చెప్పడమా? ఎలా పలకను? మావగారి మోచెయ్యి తట్టాలనైనా తోచలేదు. పలకలేదు. మర్నాడు నీళ్లు తీశాక గానీ అటక దిగలేదు. దిగేటప్పటికి నా నడుం కింద అంతా రాయి.

ఇదంతా నేను చెబుతున్నప్పుడు ఆవిడ చేతులు ఆగలేదు. ఈనె తీయడం, తుంచడం. నేను ఆగిపోయాక ఆవిడా ఆగింది.

"నేను పలికి ఉంటే?" అన్నాను.

"తెలీదమ్మా" అంది. ఊరికే ఓదార్చలేదు, ఆ ఒక్కదానికే ఆవిడ కాళ్లకి దండం పెట్టాలనిపించింది. కాసేపటికి, "గాలివాన వెలిసి ఆరేళ్లయింది. మీ ఒళ్లు ఇంకా అటక మీదే ఉంది. దానికెవరూ చెప్పలేదు, వాన వెలిసిందని. మెల్లిగా దింపుదాం, తొందరేం లేదు" అంది.

నాకు నోరెండిపోయింది. అంతకుముందు ఎప్పుడు దాహమన్నా ఆవిడ కొబ్బరిబోండాం కొట్టించేది, తన చేతి నీళ్లు నేను తాగనని తెలుసు కాబట్టి. ఆ రోజు నేనే కూజా వైపు చెయ్యి చాపాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి గ్లాసు నింపి ఇచ్చింది. ఇంటికెళ్లి చెబితే వదిన నూతి దగ్గరే నిలబెట్టి తలమీద నీళ్లు పోసింది. పోస్తుంటే నవ్వాను.

నొప్పి మాయమైపోయిందని చెప్పను. ఇప్పటికీ గాలి తిరిగిన రోజున పలకరిస్తుంది. కానీ వేసవి వచ్చేసరికి రెండు పీరియడ్లు కుర్చీ వదలకుండా పాఠం చెప్పగలిగాను. జూను మొదటివారంలో ప్రయాణం. ఆ దిగువ ఊళ్లలో కలరా సూదులు వెయ్యడానికి ఆవిణ్ణి కూడా అదే పడవలో పంపుతున్నారని తెలిసి ఎగిరి గంతేశాను. ఏ మాటైనా నా తరఫున ఆవిడ అనేస్తుంది కదా అని ధైర్యం.

పులిగడ్డ రేవులో ఎక్కాం. పడవ నిండా జనం. ఒక కరణంగారు, ఇద్దరు ముగ్గురు రైతులు, ఒక కొట్టు శెట్టిగారు. ఆడవాళ్లం ఒక వైపు ఒదిగి కూర్చున్నాం. ఒక ముసలమ్మ, కొత్త కోడలూ అత్తా, కూలికి వెళుతున్న అక్కచెల్లెళ్లు ఇద్దరు, ఒళ్లో సూదుల పెట్టెతో నర్సమ్మగారు, నేను. సముద్రం మీదనుంచి ఎదురుగాలి. గంట బాగానే గడిచింది. తరవాత చుట్టూ నీళ్లు చూసేసరికి కింద బిగుసుకోవడం మొదలైంది. పందొమ్మిదో ఎక్కం అయింది. ఇరవయ్యోది అయింది. ఊపిరి కిందికి పోనియ్యబోతే పోలేదు. నది మధ్య ఇసుక మేట ఒకటి కనబడింది, దాని మీద మనిషెత్తు రెల్లు. అదీ వెనక్కి జరిగిపోతోంది. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. అంతా అర్థమైంది ఆవిడకి. బందరు ఆస్పత్రి వరండా అదిరిపోయేట్టు మాట్లాడే మనిషి, నోరు విప్పలేదు. పెట్టె మీద చేతులు పెట్టుకుని అలా చూస్తూ కూర్చుంది. నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది.

మొదటిసారి నా మాట నాకే వినపడలేదు. రెండోసారి అరిచాను.

"సరంగూ! పడవ ఆపండి!"

మగవాళ్లందరూ ఇటు తిరిగారు. "ఏమైందమ్మా?" అన్నాడు సరంగు చుక్కాని దగ్గర నుంచి.

"ఆ మేట దగ్గర ఆపండి. నేను ఒంటికి వెళ్లాలి."

కరణంగారు దగ్గారు. శెట్టిగారు ఆకాశం వైపు చూశారు. "ఇంకెంతమ్మా, రెండు గంటల్లో రేవులో ఉంటాం. కాస్త ఓపిక పట్టు" అన్నాడు సరంగు.

"పట్టను. ఆపండి."

అది నా గొంతేనా అని నాకే ఆశ్చర్యమేసింది. సరంగు ఇంకేం అనలేదు. చుక్కాని తిప్పాడు. గెడలు వేశారు. పడవ ముక్కు ఇసకలో గుచ్చుకుని ఆగింది. అప్పుడు నర్సమ్మగారు సూదుల పెట్టె పక్కన పెట్టి, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని లేచింది. ఆవిడ కళ్లనిండా నీళ్లు. "పదండి పంతులమ్మగారూ, నేనూ రావాలి. పొద్దున్నించీ బిగబట్టుకు కూచున్నా" అంది.

"నా తల్లే, బతికించావు" అంటూ ముసలమ్మ కర్ర వెతుక్కుంది. కూలి అక్కచెల్లెళ్లు అప్పటికే నీళ్లలోకి దూకారు. కొత్త కోడలు లేవకుండా అత్తగారి మొహంలోకి చూసింది. అత్తగారు ఒక్క నిమిషం మగవాళ్ల వైపు, ఒక్క నిమిషం కోడలి వైపు చూసి, "లే, లే, నువ్వూ లే" అని చెయ్యి పట్టుకుంది.

ఆ పడవలో ఆడవాళ్లం ఏడుగురం ఉన్నాం. ఏడుగురమూ దిగాం.